సరకుల సరఫరాలో రేడియో గుర్తింపు పరిజ్ఞానం: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అనుభవం

గిడ్డంగి నుంచి బయలుదేరిన సరకు వినియోగదారుని చేతికి అందేలోగా ఎక్కడ ఆగినదో, ఎంత తరిగినదో తెలియడం వర్తకులకే గాక ప్రజా పంపిణీ వ్యవస్థకు కూడా అవసరం. ఇందుకు ఉపకరించే సాధనాలలో ఆర్.ఎఫ్.ఐ.డి. అనే రేడియో తరంగాల గుర్తింపు పరిజ్ఞానం ఒకటి. చిన్న చిప్, సన్నని యాంటెన్నా గల ట్యాగ్‌ను సరకుకు అతికిస్తారు. రీడర్ పంపే తరంగాల నుంచే శక్తిని గ్రహించి ట్యాగ్ తన సంఖ్యను తెలియజేస్తుంది కనుక సాధారణ రకాలకు బ్యాటరీ అక్కరలేదు. బార్‌కోడ్‌ను ఒక్కొక్కటిగా ఎదురుగా ఉంచి చదవవలసి ఉండగా, ట్యాగ్‌లను మూసిన అట్టపెట్టెలలో ఉన్నప్పటికీ అనేకం ఒకేసారి చదవవచ్చును.

అమెరికాకు చెందిన వాల్‌మార్ట్ సంస్థ, తన 100 మంది ప్రధాన సరఫరాదారులు 2005 జనవరి నాటికి పెట్టెలకు ట్యాగ్‌లు అమర్చాలని 2003లో కోరడంతో చిల్లర వర్తకంలో ఇది ప్రచారంలోకి వచ్చింది. భారతదేశంలో 865–867 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యాల వినియోగానికి 2005లో లైసెన్సు మినహాయింపు లభించింది.

లోహం ఈ తరంగాలను తిప్పికొడుతుంది, నీరు పీల్చుకొంటుంది. పలాస జీడిపప్పును రేకు డబ్బాలలో పంపినప్పుడు, తీరప్రాంతపు చేపలను మంచుపెట్టెలలో తరలించినప్పుడు సాధారణ ట్యాగ్ సరిగా పలుకదు. గోనెసంచిలోని పొడి బియ్యానికి ఆ చిక్కు తక్కువ.

ఉత్తరాంధ్ర ప్రజలకు ఈ పరిజ్ఞానం పరిచయమైనది దుకాణంలో కాదు, రహదారిపైన. 16వ నంబరు జాతీయ రహదారిపై విజయనగరం జిల్లా నాతవలస, శ్రీకాకుళం జిల్లా మడపాం టోల్ ప్లాజాల వద్ద లారీల అద్దంపై చదివే ఫాస్టాగ్ ఇదే కోవకు చెందినది. 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి జాతీయ రహదారుల టోల్ ప్లాజాలలో ఇది తప్పనిసరి అయినది. అదే సంవత్సరం దీనిని జి.ఎస్.టి. ఈ-వే బిల్లుతో అనుసంధానించారు. అయితే ఫాస్టాగ్ వాహనాన్ని గుర్తిస్తుందే గాని లోపలి సరకును ఎరుగదు. బిల్లులో వ్రాసినదే లారీలో ఉన్నదా అన్నది మనిషి చూడవలసినదే.

రేషన్ బియ్యం విషయంలో ఈ భేదం మరింత ముఖ్యమైనది. 2019 సెప్టెంబరు 6న నాణ్యమైన బియ్యాన్ని సంచులలో ఇంటివద్దకే అందించే కార్యక్రమం ప్రయోగాత్మకంగా శ్రీకాకుళం జిల్లాలోనే ప్రారంభమైనది. 2021లో 9,260 సంచార వాహనాలతో రాష్ట్రమంతటికీ విస్తరించినప్పుడు ప్రతి బస్తాకు సీలు, ప్రత్యేక సంకేత సంఖ్య ఉంటాయని ప్రభుత్వం ప్రకటించింది. ఇటువంటి సంఖ్య బస్తా మండల స్థాయి నిల్వ కేంద్రం దాటినదని చెప్పగలదు. అందులో ఎన్ని కిలోలు మిగిలినవో చెప్పలేదు. కార్డుదారుని అసలు ఫిర్యాదు తూకం గురించే. అందుచేత ట్యాగ్ కంటె ముందు, వేలిముద్ర యంత్రానికి జతపరచిన ఎలక్ట్రానిక్ కాటా లెక్కకు వస్తుంది.

సంచార వాహనాల పద్ధతిని తరువాత రద్దుచేసి, 2025 జూన్ 1 నుంచి చౌకధరల దుకాణాల ద్వారానే పంపిణీని పునరుద్ధరించారు. 65 సంవత్సరాలు దాటిన వృద్ధులకు, దివ్యాంగులకు మాత్రం సరకులను ఇంటివద్దనే అందజేసే ఏర్పాటు చేశారు.