గంజాము సీమలో ఆపత్కాల శిశురక్షణము

భంజనగరమునకు పూర్వనామము రస్సెల్‌కొండ. 1835–36లో గుమ్సూరు సంస్థానమున జరిగిన యుద్ధమునకై మదరాసు ప్రభుత్వముచే ప్రత్యేకాధికారిగా పంపబడిన జార్జి ఎడ్వర్డు రస్సెల్ పేర ఆ ఊరు ప్రసిద్ధి కెక్కినది. తరువాతి కాలమున గుమ్సూరు భంజవంశమునకు చెందిన మహాకవి ఉపేంద్రభంజుని స్మరించి దానికి భంజనగర మను నామ మొసగిరి. ఈ పేరుమార్పు గంజాము వాసు లెల్లరు నెఱిగినదే. ఆ యుద్ధము వెంట ఈ సీమకు వచ్చిపడిన యొక చిక్కు మాత్రము చర్చలోనికి వచ్చినది తక్కువ. అది పిల్లలను గూర్చినది.

గుమ్సూరు పైకొండలలోని ఖోండులు భూదేవికి నరబలి యిచ్చు ఆచారము ఆ దండయాత్ర సందర్భముననే కుంపిణీ యధికారుల దృష్టికి వచ్చెను. బలికై కొని పెంచబడువారికి మెరియాలని పేరు. వారిలో పసివారు ననేకులు. జాన్ కాంబెల్, మాక్‌ఫెర్సన్ మొదలగు నధికారులు 1837 మొదలు 1854 వఱకు కొండలు తిరిగి పదునైదు వందలకు పైబడి మెరియాలను విడిపించిరని నాటి లెక్కలు చెప్పుచున్నవి. విడిపించుట యొక పని. విడిపించిన బిడ్డ నెచట నుంచవలెను, ఎవ్వరు పెంచవలెను, ఏ భాషలో పలుకరించవలెను అనునది వేఱొక పని. ఈ రెండవ పనికి తావు వెదకుట మొదటిది జరిగిన పిదపనే యయ్యెను. కొందఱు పిల్లలు బరంపురము, కటకములందలి బాప్టిస్టు మిషను శరణాలయములకు చేరిరి. ఆపద నుండి బయటకు తెచ్చుటతో రక్షణము పూర్తికాదని గంజాము సీమ నేర్చిన తొలిపాఠ మిది.

రెండవ పాఠము కఱవు చెప్పినది. 1866 నాటి క్షామము పూరీ గజపతి పాలనలో తొమ్మిదవ అంకమున సంభవించినందున ఒడియాలు దానిని ‘నఅంక దుర్భిక్ష’ మందురు. ఒరిస్సాలో దాదాపు పదిలక్షల మంది నశించిరి. నాడు మదరాసు రాజధానిలో నుండిన గంజామును కూడ ఆ క్షామము విడువలేదు. పదేండ్లు తిరిగినంతనే 1876–78 నాటి క్షామము దక్షిణదేశమంతట వ్యాపించెను. పిదప 1880లో క్షామవిచారణ సంఘము తన నివేదిక సమర్పించుటయు, దానిననుసరించి 1883 మొదలు క్షామనిబంధనలు వెలువడుటయు జరిగెను. ఋషికుల్యా నీటిపారుదల పథకమున భంజనగరము, సొరడ చెఱువులు కఱవునకు జవాబుగా ఆ శతాబ్ది చివరి దశాబ్దములలో రూపొందినవి. ఆనకట్టలు, చెఱువులు కంటికి కనబడును గనుక చరిత్రకారులు వానిని వర్ణించిరి. నిబంధనలలోని యొక చిన్న ప్రకరణము కంటికి కనబడదు.

ఆ ప్రకరణము పనిచేయకయే గ్రాస మొందదగిన వారెవ్వరో చెప్పును. అంధులు, కుంటివారు, బుద్ధిమాంద్యము గలవారు, వయోవృద్ధులు, రోగపీడితులు అందు చేరిరి. వారితో పాటు మఱియొక వర్గము: ఇంటియందు రోగులకో, పసిబిడ్డలకో తప్పక చెంత నుండవలసిన వారు. ఇట్టివారి పేర్లతో ఊరూర పట్టిక సిద్ధము చేయవలెనని నియమము. క్షామనిబంధనలు కడు పిసినారివి. గంజి కొలతలో గింజలు లెక్కించిన రోజులవి. అయినను బిడ్డకు మాత్రమే గాక బిడ్డను చూచువారికి కూడ అన్నము కావలెనని, వారిద్దఱిని విడదీసి లెక్కింపరాదని ఆ నియమము గుర్తించినది. కరణము, మునసబు ఊరిలో నెవరికి చూపులేదో, ఎవరు నడువలేరో కాగితముపై పెట్టవలసివచ్చెను. పట్టిక లేనిదే సాయము లేదు.

కఱవు నెలలతరబడి వచ్చును. పట్టిక వ్రాయుటకు వ్యవధి యుండును. గాలివాన కట్టి వ్యవధి లేదు. 1936 ఏప్రిలు 1న గంజాము ఒరిస్సా రాష్ట్రమున చేరిన తరువాత ఈ సీమ తెలుగువారి పాలనాభాష మారెనే కాని, వారి తీరమును తాకు గాలి మారలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తరువాత ఆంధ్ర తీరమున తుపాను ఆశ్రయభవనములు లేచినవి. ఒరిస్సాలో 1999 అక్టోబరు 17న గోపాలపురము చెంత నొక తుపాను, 29న జగత్‌సింగ్‌పురము తీరమున మహాతుపాను వచ్చినవి. రెండవదానిలో దాదాపు పదివేల ప్రాణములు పోయినవి. నాటికి రాష్ట్రమున రెడ్ క్రాస్ సంఘము కట్టించిన ఆశ్రయములు 23 మాత్రమే. ఆ యేటి డిసెంబరులోనే రాష్ట్ర విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ యేర్పడెను. ఇప్పుడు ఆశ్రయభవనములు ఎనిమిది వందలకు మించినవి. వీనిలో పెక్కింటి యందు మామూలు దినములలో పాఠశాల నడచును. తుపాను వచ్చునని తెలిసినంతనే పిల్లలకు సెలవిత్తురు. ఊరంతయు ఆ బడిలోనే చేరును.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము వద్దనే తీరము దాటెను. గాలి వేగము గంటకు రెండు వందల కిలోమీటర్లు. రాష్ట్రమున సుమారు పదిలక్షల మందిని ముందుగా తరలించిరి. 1999లో వేలతో లెక్కించిన మరణములు ఈ మాఱు పదులలో నిలిచినవి. ఇది ప్రపంచము మెచ్చిన విజయము, మెచ్చదగినదే. అయితే శిశురక్షణ దృష్టితో చూచినపుడు పంచాంగము నొకసారి తెఱవవలెను. ఫైలిన్ వచ్చిన దినము దుర్గాష్టమి. 1999 అక్టోబరు 17 కూడ దసరా రోజులలోనిదే. తిత్లీ తుపాను పలాస చెంతకు వచ్చిన 2018 అక్టోబరు 11 శరన్నవరాత్రుల రెండవ దినము. దసరా సెలవులలో వచ్చిన గాలివానకు పిల్లలు తలిదండ్రుల చంకలోనో, చేయి పట్టుకొనియో ఆశ్రయమునకు నడచిరి. కావున ఆ విజయము ప్రధానముగా కుటుంబములది. శిశువులు తల్లికి దూరముగా పరుల సంరక్షణలో నుండు పగటివేళ వచ్చు ఆపద వేఱు. దానికి హెచ్చరిక మూడు దినముల ముందు రాదు.

అట్టి ఆపదలు భంజనగరము వంటి లోనూళ్లకు తక్కువేమియు గాదు. 1998 వేసవిలో వడగాలి ఒరిస్సా రాష్ట్రమున రెండువేల మందికి పైగా బలిగొన్నది. వైశాఖమున మధ్యాహ్నపు మబ్బు కమ్మిన అరగంటలో పిడుగు పడును. అన్నిటికంటె చేరువనుండునది వంటపొయ్యి. 2004 జూలై 16న తమిళనాట కుంభకోణమున ఒక పాఠశాల వంటశాలలో పుట్టిన నిప్పు తాటాకు కప్పునకంటి 94 మంది చిన్నారులను కాల్చివేసెను. ఆ ఘటనను పురస్కరించుకొనియే సర్వోన్నత న్యాయస్థానము 2009లో దేశమందలి పాఠశాలలన్నిటికి అగ్నిరక్షణ నియమములు విధించినది. వంటయు పిల్లలును ఒకే గోడకు ఇరువైపుల నుండు చోటు అంగన్‌వాడీయే గదా.

అంగన్‌వాడి యను పేరు తారాబాయి మోదక్ పెట్టినది. ముంగిటిలో జరుగు బడియని భావము. 1975 అక్టోబరు 2న కేంద్రప్రభుత్వము ప్రారంభించిన సమగ్ర శిశు అభివృద్ధి సేవాపథకము ఆ పేరును ఊరూరికి చేర్చినది. ఒక్కొక్క కేంద్రమునకు ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు. ఇరువది యైదుగురు పిల్లలున్న కేంద్రమున నిప్పంటినచో నాలుగు చేతులు మాత్రమే కలవు. నడువగల పిల్లలను కొంగు పట్టించియో, త్రాటికి ముడులు వేసి ఒక్కొక్కరిచే ఒక్కొక్క ముడి పట్టించియో వెలుపలికి నడిపింపవచ్చును. కాళ్లు చచ్చుబడిన పిల్లవాని నెత్తుకొన్నచో రెండు చేతులు పోయినవి. చెవి వినరాని పిల్ల ‘పరుగెత్తు’డను కేకను వినదు, ఆమెకు దీపమో, భుజముపై చేతి తాకుడో కావలెను. చూపులేని బిడ్డకు గోడవెంట చేయి రాచుచు గుమ్మము చేరు దారి ముందే అలవాటై యుండవలెను. బుద్ధివికాసమున భేదము గల కొందఱు పిల్లలు పెద్దధ్వనికి బెదరి బల్లక్రింద దాగుదురు. ఆ గంట ఇదివఱకు పలుమాఱులు ఆటగా విన్నదైనచో బెదరు తగ్గును. మూర్ఛరోగము గల బిడ్డకు మందుసీసా ఎవరి సంచిలో నున్నదో కార్యకర్తతో పాటు సహాయకురాలికి కూడ తెలియవలెను. ఇవి యేవియు గొప్ప ఖర్చుతో కూడినవి కావు. ఎవరికేది కావలెనో ముందు తెలిసియుండుటయే అసలు పని.

జపాను దేశమున శిశుసంరక్షణ కేంద్రములు నెలకొక్కసారియైన తరలింపు అభ్యాసము చేయవలెనని నియమము. నడక రాని శిశువులను నిలువబెట్టి తోసుకొని పోవుటకు చక్రముల బండి నుపయోగింతురు. అంతటి సిద్ధపాటు గల దేశముననే 2011 మార్చి 11 నాటి భూకంప సముద్రోప్లవములో వికలాంగుల మరణపు పాలు ఇతరులకంటె ఇంచుమించు రెండింతలని తేలెను. 2013లో చట్టము సవరించి, తరలింపునకు సాయము కావలసినవారి పట్టిక ప్రతి పురపాలనాధికారియు సిద్ధముగా నుంచవలెనని విధించిరి. 1883 నాటి క్షామనిబంధన నెఱిగిన గంజాము వాసికి ఆ విధి క్రొత్తగా తోచదు.

భారతదేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఎనిమిదవ ప్రకరణము జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన జిల్లాలోని వికలాంగుల వివరములు పట్టికగా నుంచవలెననియు, ఆపద రానున్నపుడు వారికి తెలియజేయుటకు తగిన యేర్పాట్లు చేయవలెననియు చెప్పుచున్నది. తెలియజేయుట యెట్లు? గంజాము తీరమున ఈ ప్రశ్నకు మఱియొక ముఖము కలదు. ఒకప్పుడు టముకు వేయించి చాటింపు చేసిరి. 2018లో ఒడిశా ఆరు తీరజిల్లాలలో 122 చోట్ల హెచ్చరిక గోపురములు నెలకొల్పినది; వాని కూత దూరమునకు వినబడును. బధిర బాలునకు టముకైనను కూతయైనను ఒక్కటే. కూత వెంట వచ్చు మాట ఒడియాలో నున్నచో, నోళియాలని పిలువబడు తెలుగు జాలరుల యిండ్లలో నింకను బడి కెక్కని నాలుగేండ్ల బిడ్డకది పరభాష. ఆశ్రయభవనమున తల్లి కనబడనపుడు ఆ బిడ్డ ఏడ్చుచు చెప్పు ఊరిపేరు, తండ్రిపేరు తెలుగు ఉచ్చారణలో నుండును. వ్రాసికొను గుమాస్తాకు అర్థమగునో కాదో.

ఈ విషయమున గంజాము చేసి చూపినదియు కలదు. 2020 ఆగస్టున యునెస్కో అంతర్ప్రభుత్వ సముద్రశాస్త్ర సంఘము సునామీకి సంసిద్ధమైన గ్రామములుగా భారతమున రెండింటిని గుర్తించెను. జగత్‌సింగ్‌పురము జిల్లాలోని నోళియాసాహి యొకటి, గంజాము జిల్లాలోని వెంకటరాయపురము మఱియొకటి. హిందూ మహాసముద్ర తీరదేశములలో ఆ గుర్తింపు తొలుత పొందినది భారతమే. ఎటు పోవలెనో చూపు పటము, దారి సూచించు గుర్తులు, ఊరివారి అభ్యాసము ఆ గుర్తింపునకు కావలసిన లక్షణములు. రెండు జాలరి పల్లెలు సాధించినదానిని పట్టణపు శిశుకేంద్రము సాధింపలేకపోవుటకు కారణము కనబడదు.

దారి యుండినంత మాత్రమున చాలదు. చేరుచోటు కూడ పరీక్షింపబడియుండవలెను. తిత్లీ వానలలో పొరుగున గజపతి జిల్లా బారఘర గ్రామమున వానకు కొండసందున తలదాచుకొన్నవారు చరియ విఱిగిపడి మరణించిరి. వారిలో పిల్లలును కలరు. భంజనగరమువంటి కొండయంచు ఊళ్లలో ‘ఎత్తైన చోటు’ అనినంత మాత్రమున క్షేమమైన చోటని తలపరాదు. ఏ గట్టు గట్టిదో, ఏ వాగు గంటలో నిండునో తరలింపు దారి గీయువారు స్థానికులను, విశేషించి పశువులు మేపువారిని అడిగి తెలిసికొనవలెను.

2023 నవంబరులో కేంద్ర స్త్రీశిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ దివ్యాంగ శిశువులకై అంగన్‌వాడీ కార్యసరణి నొకదానిని వెలువరించెను. వైకల్యమును చిన్ననాటనే గుర్తించి, అట్టి పిల్లలను కేంద్రమున ఇతరులతో పాటు చేర్చుకొనుట దాని యాశయము. అనగా కార్యకర్త చేతికి పట్టిక వచ్చుచున్నది. ఈ పట్టికకును చట్టము జిల్లా సంస్థ నడిగిన పట్టికకును నడుమ దారి పడవలెను. బరంపురములోని అంధబాలుర రెడ్ క్రాస్ పాఠశాలవంటి ప్రత్యేక విద్యాలయములలో ఏ బిడ్డకేమి కావలెనో ఉపాధ్యాయులకు తెలియును. చిక్కు మామూలు కేంద్రములలోని ఒకరిద్దఱు పిల్లలదే. ఊరిలో నట్టివారు ఒకరే యగుటచేత వారి పేరు ఏ లెక్కలోను పెద్దగా కనబడదు.

కేంద్రపు తలుపు లోపలి వైపున అతికింపవలసిన కాగితము ఒక్క పుటకు మించదు. బిడ్డ పేరు, ఇంటిలో పిలుచు పేరు, మాటాడు భాష, వినికిడి, చూపు, నడకలలో కొఱత యున్నచో అది, వేయు మందు, ఎత్తుకొను మనిషి పేరు, ఆ మనిషి రాని దినమున ఎత్తుకొను రెండవ మనిషి పేరు, తల్లిదండ్రులు తప్ప బిడ్డ నప్పగింపదగిన బంధువు. ఇది ఒడియాలోను తెలుగులోను వ్రాయబడియుండవలెను. ప్రతి మాసము తిరుగవ్రాయవలెను, ఏలయన ఆరు మాసములలో పిల్లలు మాఱుదురు, సహాయకురాలు మాఱును, చక్రముల కుర్చీ విఱుగును. దీని ప్రతి యొకటి పంచాయతీ కార్యాలయమున, ఇంకొకటి ఆశ్రయభవనపు తాళముచెవులు పెట్టుచోట నుండవలెను.