తిరిగి పలుకగల రేడియో

1996 నవంబరు 6వ తేదీ రాత్రి కాకినాడకు దక్షిణాన తీరం దాటిన పెనుతుఫాను కోనసీమను కకావికలు చేసింది. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో కొబ్బరితోటలు కూలినవి. వేయిమందికి పైగా మరణించారు. కరెంటు స్తంభాలు, టెలిఫోను స్తంభాలు చెట్లతో పాటే ఒరిగినవి. బ్యాటరీ రేడియో ఉన్న ఇంట వార్తలు వినవచ్చును. కాని "మేము బ్రతికే ఉన్నాము, త్రాగునీరు పంపండి" అని ఆ పెట్టెతో చెప్పలేము. రేడియో కేంద్రంలో పనిచేసే మాబోటివారు ఎరిగిన కొరతే ఇది. మేము లక్షలమందితో మాట్లాడగలము. ఒక్కరి బదులూ వినలేము.

ఆ కొరత తీర్చగలది ఔత్సాహిక రేడియో. వినడమే కాక తిరిగి పలుకడం దాని ధర్మం. మన దేశంలో దానికి నూరేండ్ల చరిత్ర ఉన్నది. కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు 1921లోనే ఈ విద్యకు నాంది పలికారు. 1939లో యుద్ధం రాగానే ప్రభుత్వం ఔత్సాహికుల ప్రసారాలను నిలిపివేసింది. యుద్ధం ముగిసిన పిమ్మట సైన్యాలు వదలివేసిన సెట్లే వారికి పెన్నిధి అయినవి. అమెరికా బాంబరు విమానాలలోని బి.సి. 348 రిసీవరు 28 వోల్టులతో పనిచేసేది. దానిని ఇంటి కరెంటుకు అనువుగా మార్చుకొని వాడుకున్నారు.

అటువంటి పాత సెట్టు అటక మీద దొరికితే తొందరపడి ప్లగ్గు పెట్టరాదు. ఏండ్ల తరబడి పనిలేక కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. హఠాత్తుగా పూర్తి వోల్టేజి తగిలితే ట్రాన్స్‌ఫార్మరే కాలిపోవచ్చును. చెడిన కండెన్సర్లను ముందు మార్చాలి. సముద్రపు గాలికి పట్టిన చిలుమును తుడవాలి. ఆపైన వోల్టేజిని మెల్లమెల్లగా పెంచాలి. కరెంటు తీసివేసిన తరువాత కూడ కండెన్సర్లలో వందల వోల్టులు నిలిచి ఉండవచ్చును. కనుక ఇది తెలిసినవారి వద్ద నేర్వవలసిన పని. ట్రాన్స్‌మిటర్‌ను ప్రభుత్వ లైసెన్సు పొందినవారే నడపాలి. కొద్ది వాట్ల శక్తితో పంపిన మోర్సు సంకేతం కూడ, వాతావరణం అనుకూలిస్తే, వందల మైళ్ళు పోగలదు.

1983లో హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఏర్పడింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ బృందం భారతీ ప్రసాద్ నాయకత్వాన, దూరదేశాల ఔత్సాహికులతో సంభాషించే ముచ్చటతో అండమాన్‌కు వెళ్ళింది. 26వ తేదీన సునామీ వచ్చింది. ఆ ముచ్చట సెట్లే పోర్ట్‌బ్లెయిర్ నుండి క్షేమవార్తలు మోసినవి.

అవి కొత్త సెట్లు. అయినను పాత సెట్టును బాగుచేసినవాడు నేర్చేది ఆ విద్యనే: ఏ భాగం ఎందుకు ఉన్నది, అది చెడితే చేతనున్న సామగ్రితో ఏమి చేయాలి అని. స్తంభాలు ఒరిగిన రాత్రి దుకాణం తెరచి ఉండదు. కోనసీమ వంటి తీరసీమలో ఊరికొక్కరైనా ఆ విద్య ఎరిగి, ఒక సెట్టును, ఒక బ్యాటరీని సిద్ధంగా ఉంచుకొనడం వట్టి వినోదం కాదు. ఆ రాత్రి ఊరి మాట బయటకు పోవడానికి అదొక్కటే దారి కావచ్చును.