పెద్దషాపూర్ నికెల్ కేసు

శంషాబాద్ దాటి బెంగళూరు హైవే మీద కొంత దూరం పోతే పెద్దషాపూర్ వస్తుంది. 1995లో ఒక ఆముదం ఉత్పత్తుల కంపెనీ ఈ ఊళ్లో 12 ఎకరాలు కొన్నది. అప్పట్లో పాలమూరు, నల్గొండ చెల్కల్లో బాగా పండిన పంట ఆముదం. దాని నూనెకు హైడ్రోజన్ ఎక్కిస్తే మైనంలా గట్టిపడుతుంది. అందుకు నికెల్ ఉత్ప్రేరకం కావాలి. పని అయ్యాక ఆ వాడేసిన నికెల్ మిగిలిపోతుంది, అది నీళ్లలో కలిసే ప్రమాదం ఉంటుంది.

నికెల్ కలిసిన నీటిని శుద్ధి చేయలేమా? చేయొచ్చు. సున్నం కలిపి పీహెచ్‌ను 10 దాకా పెంచితే, అప్పటిదాకా నీళ్లలో కరిగి ఉన్న లోహం లేతాకుపచ్చ తునకలై, పాలు విరిగినట్టు విరిగి అడుక్కి దిగుతుంది. పైనీటిని తీసేసి, బురదను పిండి, ప్రమాదకర వ్యర్థాల కోసం కట్టిన గుంతకు పంపాలి. కానీ లోహం కుళ్లదు, కాలి మాయమైపోదు. ఒక పూట సున్నం తక్కువైనా, వానకు బురద కొట్టుకుపోయినా మళ్లీ నీళ్లపాలే.

ఆ నీళ్లు ఎటు పోతాయన్నదే అసలు గొడవ. 1908 మూసీ వరద తర్వాత ఈసీ నదిపై కట్టిన హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయింది. హైదరాబాద్ నగరం దశాబ్దాల పాటు ఆ నీళ్లే తాగింది. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు పెట్టరాదని 1994లో జీవో 192, 1996 మార్చి 8న జీవో 111 వచ్చాయి. అయినా 1997లో ప్రభుత్వమే ఈ కంపెనీకి మినహాయింపు ఇచ్చింది!

కాలుష్య నియంత్రణ మండలి మాత్రం ససేమిరా అంది. 1998 జనవరిలో అప్పీలు విన్న అధికార సంస్థ, కాలుష్యం ఉండదన్న ఒక నిపుణుడి అఫిడవిట్టును నమ్మి కంపెనీ వైపు మొగ్గింది. హైకోర్టూ అదే సరేనంది. ఒక నగరం తాగే నీళ్ల విషయంలో ఒక్క అఫిడవిట్టు మీద అంత భరోసా పెట్టుకోవడం పెద్ద పొరపాటు.

మండలి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1999 జనవరి 27న జస్టిస్ ఎం. జగన్నాధరావు రాసిన తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని విడమరిచింది. తమిళనాడు తోళ్ల పరిశ్రమల కేసులో 1996లోనే కోర్టు ఒప్పుకున్న సూత్రమది. హాని జరుగుతుందని జనం నిరూపించనక్కర్లేదు, జరగదని పరిశ్రమే నిరూపించాలి. 2000 డిసెంబర్ 1న తుది తీర్పు వచ్చింది. మినహాయింపు చెల్లలేదు, కంపెనీకి అనుమతి దక్కలేదు.

ఆ జాగ్రత్త దొరకని చోటు కూడా ఇదే దారిలో ఉంది. శంషాబాద్ విమానాశ్రయం నుంచి నగరంలోకి వస్తూ ఆరాంఘర్ చేరితే, పక్కనే కాటేదాన్ పారిశ్రామికవాడ. అక్కడి మట్టిలో సీసం, క్రోమియం, నికెల్, ఆర్సెనిక్, కాడ్మియం పేరుకున్నాయని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించారు.

2022 ఏప్రిల్ 12న జీవో 69తో ప్రభుత్వం 111 ఆంక్షలను సడలించింది. పెద్దషాపూర్ తీర్పును మాత్రం ఏ జీవో కొట్టేయలేదు. ఈసీ ఒడ్డున ఫ్యాక్టరీ పెడతామని ఎవరొచ్చినా, ముందు రుజువు చూపించమని అడిగే హక్కు ఆ ఊళ్లవాళ్లకు ఇప్పటికీ ఉంది. అడగాలి.