ఒక్కడి వేట, తెగ మొత్తం హక్కు: ముగ్గురు ఎల్క్ వేటగాళ్ళ చరిత్ర



కొండల్లోకి ఒక్కడే వేటకు పోవాలా వద్దా అని ఆలోచించే మనిషికి ఎలాంటి భయాలు వస్తాయో మన తాతలను అడిగితే చెప్తారు. దారి తప్పుతానేమో, చీకటి పడుతుందేమో, జంతువు పడ్డాక అంత మాంసం ఒక్కడినే ఎలా మోసుకురావాలి అని. అయితే అమెరికాలో రాకీ పర్వతాల పక్కన బతికే ఆదివాసీ యువకుడికి ఇంకో భయం కూడా ఉండేది. "నేను పట్టుబడి, నా కేసు ఓడిపోతే, నాతోపాటు నా తెగ హక్కు మొత్తం పోతుందా?" ఈ భయం ఉత్తుత్తిది కాదు. 1895 నుంచి 2019 దాకా 124 ఏళ్ళలో ముగ్గురు వేటగాళ్ళ కేసులు దీని చుట్టూనే తిరిగాయి. ఈ పోస్టులో ఆ ముగ్గురి కథ చెప్తాం. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు ఎల్క్ గురించి. అది మన కణుజుకు చుట్టం లాంటి జింక, కానీ ఇంకా పెద్దది. బాగా పెరిగిన మగది 300 కిలోలు దాటుతుంది. ఒక్కటి దొరికితే ఒక కుటుంబానికి చలికాలం గడుస్తుంది. మోంటానాలోని క్రో తెగవాళ్ళు తమని తాము అప్సాలుకే అని పిలుచుకుంటారు. వాళ్ళ ఆడవాళ్ళు పండగలకు వేసుకునే గౌన్ల మీద ఎల్క్ పళ్ళు వరసలుగా కుట్టి ఉంటాయి. ఒక్కో ఎల్క్‌కి ఏనుగు దంతంలా మెరిసే పళ్ళు రెండే. అంటే 300 పళ్ళ గౌను కావాలంటే 150 ఎల్కులు కావాలి. అందుకే ఆ గౌను ఇంటి పరువు. అది చూస్తే ఆ ఇంట్లో ఎంత మంచి వేటగాళ్ళున్నారో తెలిసిపోతుంది.

ఇప్పుడు 1868కి పోదాం. ఆ ఏడాది అమెరికా ప్రభుత్వం చాలా తెగలతో ఒప్పందాలు రాయించుకుంది. ఫోర్ట్ లారమీ దగ్గర క్రో తెగ సుమారు 3 కోట్ల ఎకరాలు వదులుకుంది. వాళ్ళకు మిగిలింది 80 లక్షల ఎకరాలు. ఆ మిగిలిన భూమినే రిజర్వేషన్ అంటారు. మనం రిజర్వేషన్ అనగానే సీట్లు, ఉద్యోగాలు అనుకుంటాం. అక్కడ దాని అర్థం తెగకు మిగిలిన నేల. అయితే క్రో పెద్దలు నేల ఇచ్చినా వేట ఇవ్వలేదు. వదులుకున్న భూమిలో ఎవరూ ఆక్రమించని చోట, వేటజంతువులు దొరికినంత కాలం, సరిహద్దుల్లో తెల్లవాళ్ళకూ తెగకూ మధ్య శాంతి ఉన్నంత కాలం వేటాడుకునే హక్కు తమకు ఉంటుందని కాగితం మీద రాయించుకున్నారు. అదే ఏడాది ఫోర్ట్ బ్రిడ్జర్ దగ్గర షోషోనీ, బానక్ తెగలకు కూడా దాదాపు అవే మాటలతో ఒప్పందం జరిగింది.

22 ఏళ్ళు గడిచాయి. 1890 జులై 10న వయోమింగ్ కొత్త రాష్ట్రం అయింది. రాష్ట్రం రాగానే దాని వేట చట్టాలు కూడా వచ్చాయి. ఏ నెలలో వేటాడాలో, ఏ నెలలో వేటాడకూడదో రాష్ట్రమే చెప్పడం మొదలైంది. 1895 జులైలో జాక్సన్ హోల్ ప్రాంతంలో వేటకొచ్చిన బానక్ కుటుంబాలను అక్కడి తెల్లవాళ్ళ గుంపు ఒకటి తుపాకులతో చుట్టుముట్టి అరెస్టు చేసింది. తీసుకుపోతుంటే వాళ్ళు తప్పించుకోబోయారు. ఆ కాల్పుల్లో ఒక ముసలాయన చనిపోయాడు. ఒప్పందం ప్రకారం వేటకొచ్చిన మనిషి, రాష్ట్ర చట్టం పేరుతో చచ్చిపోయాడు.

ఇక ఈ గొడవ కోర్టులోనే తేలాలని రెండు వైపులా అనుకున్నారు. అప్పుడు ముందుకొచ్చిన బానక్ మనిషి రేస్ హార్స్. రిజర్వేషన్ బయట ఏడు ఎల్కులను చంపాడన్నది ఆయన మీద కేసు. తేల్చుకోవడానికని ఆయన అరెస్టుకు ఒప్పుకుని జైలుకు వెళ్ళాడు. కింది ఫెడరల్ కోర్టు జడ్జి ఒప్పందమే చెల్లుతుందని చెప్పి ఆయన్ని వదిలేశాడు. షెరీఫ్ వార్డ్ సుప్రీంకోర్టుకు అప్పీలు వేశాడు. 1896 మే 25న 7-1 తీర్పుతో రేస్ హార్స్ ఓడిపోయాడు. కొత్త రాష్ట్రం మిగతా రాష్ట్రాలతో సమానంగా పుట్టింది కాబట్టి, దాని పుట్టుకతోనే తెగ హక్కు పోయిందన్నారు. ఒప్పందంలో రాష్ట్రం పుడితే హక్కు పోతుందన్న మాట ఎక్కడా లేదు.

ఇక్కడ ఒక విచిత్రం ఉంది. దానికి సరిగ్గా వారం ముందు, 1896 మే 18న, అదే కోర్టు ప్లెస్సీ కేసులో నల్లవాళ్ళకు వేరే రైలు పెట్టె పెట్టడం తప్పు కాదని చెప్పింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ బ్రౌనే రేస్ హార్స్ కేసులో ఒంటరిగా తెగ పక్షాన నిలబడ్డాడు. ప్లెస్సీ కేసులో ఒంటరిగా నల్లవాళ్ళ పక్షాన నిలబడ్డ జస్టిస్ హార్లన్ ఇక్కడ మాత్రం మెజారిటీతో కలిసిపోయాడు. ఒక అన్యాయాన్ని చూడగలిగిన కన్ను ఇంకో అన్యాయాన్ని చూడలేకపోయింది. ఇది మనం గుర్తుపెట్టుకోవాల్సిన విషయం. మన పక్షాన మాట్లాడేవాళ్ళు ప్రతిసారీ మన పక్షానే ఉంటారని గ్యారంటీ లేదు.

రెండో వేటగాడు క్రో తెగకు చెందిన థామస్ టెన్ బేర్. 1989లో బిగ్ హార్న్ నేషనల్ ఫారెస్టులో లైసెన్సు లేకుండా ఎల్క్‌ను చంపాడని వయోమింగ్ శిక్ష వేసింది. ఆయనతోపాటు తెగ కూడా కోర్టుకెక్కింది. 1995లో పదో సర్క్యూట్ అప్పీల్ కోర్టు రేస్ హార్స్ తీర్పునే పట్టుకుని హక్కు లేదంది. పైగా ఇంకో మాట కూడా చేర్చింది. 1897లో ప్రభుత్వం ఈ కొండలను ఫారెస్ట్ రిజర్వుగా ప్రకటించింది కాబట్టి అది "ఆక్రమించని భూమి" కాదట. ఇల్లు లేదు, పొలం లేదు, ఒక్క బోర్డు పెట్టారు, అది ఆక్రమణ అయిపోయింది. మన ఏజెన్సీలో ఫారెస్ట్ లైన్ ఊరి పక్కకొచ్చి ఆగడం చూసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక మనిషి కొట్టిన ఎల్క్‌తో మొదలైన కేసులో తెగ ఓడింది. ఆ తర్వాత ఏ క్రో యువకుడు బిగ్ హార్న్ వైపు అడుగు వేసినా, "మీ తెగ ఓడిపోయింది, నువ్వు కూడా దానికి కట్టుబడాల్సిందే" అనడానికి రాష్ట్రానికి కాగితం దొరికింది.

మూడో వేటగాడు క్లేవిన్ హెర్రెరా. 2014 జనవరి. కొందరు తెగవాళ్ళతో కలిసి రిజర్వేషన్‌లో ఎల్క్ గుంపును తరుముతున్నాడు. ఎల్కులు సరిహద్దు దాటి వయోమింగ్‌లోని బిగ్ హార్న్ అడవిలోకి పోయాయి. జంతువుకు సరిహద్దు తెలియదు, మనిషికి తెలుసు. ఆగాలా, దాటాలా? వాళ్ళు దాటారు. కొన్ని మగ ఎల్కులను కొట్టి మాంసం ఇంటికి తెచ్చుకున్నారు. వయోమింగ్ కేసు పెట్టింది. విచారణలో ఒప్పందం గురించి జ్యూరీ ముందు మాట్లాడనివ్వలేదు. 8,080 డాలర్ల జరిమానా, అమలు చేయకుండా ఆపి ఉంచిన ఏడాది జైలు శిక్ష, మూడేళ్ళ పాటు వేట అనుమతి రద్దు. ఆయన అప్పీలుకి పోయాడు.

ఈలోపు ఇంకో తెగ దారి తెరిచి పెట్టింది. మిన్నెసోటాలో మిల్ లాక్స్ చిప్పెవా తెగ తన 1837 ఒప్పందం కోసం పోరాడి, 1999లో సుప్రీంకోర్టులో 5-4తో గెలిచింది. రాష్ట్రం పుట్టినంత మాత్రాన వేట హక్కు పోదని ఆ తీర్పు చెప్పింది. ఆ రాయి మీద కాలు పెట్టే హెర్రెరా పైకెక్కాడు. 2019 మే 20న సుప్రీంకోర్టు 5-4తో ఆయన వైపు తీర్పిచ్చింది. జస్టిస్ సోటోమేయర్ రాసిన ఆ తీర్పు మూడు మాటలు చెప్పింది. వయోమింగ్ రాష్ట్రం కావడంతో హక్కు పోలేదు. నేషనల్ ఫారెస్ట్ అయినంత మాత్రాన ఆ అడవి మొత్తం ఆక్రమించిన భూమి అయిపోదు. పాత ఓటమి హెర్రెరా నోరు కట్టలేదు, ఎందుకంటే చట్టమే మారింది. అలా రేస్ హార్స్ తీర్పు 123 ఏళ్ళకు పక్కకు పోయింది.

అయితే పూర్తి గెలుపని అనలేం. అడవిలో ఫలానా చోటు ఆక్రమించినదా కాదా, జంతువుల సంరక్షణ కోసం రాష్ట్రం ఏ నియమం పెట్టవచ్చు అన్న ప్రశ్నలను మళ్ళీ వయోమింగ్ కోర్టుకే పంపారు. నలుగురు జడ్జీలు పాత ఓటమి ఇప్పటికీ కట్టుబాటే అన్నారు. ఒక్క ఓటు తేడా.

మరి మనకేంటి? మన అటవీ హక్కుల చట్టం 2006లో సెక్షన్ 3(1)(ఎల్) చదవండి. సంప్రదాయ హక్కులన్నిటినీ గుర్తిస్తూనే వేటను, ఉచ్చులు పన్నడాన్ని మినహాయించింది. వన్యప్రాణి చట్టం 1972 నుంచే ఉంది. కాబట్టి ఈ పోస్టు చదివి ఎవరూ విల్లు పట్టుకుని బయల్దేరవద్దు, కేసు పెడితే ఇంటికి భారం. మేం చెప్పేది వేట గురించి కాదు. పోడు పట్టా అయినా, తునికాకు అయినా, వెదురు అయినా, మనలో ఒక్కరు సరైన కాగితం లేకుండా, సరైన లాయరు లేకుండా కోర్టులో ఓడిపోతే ఆ ఓటమి పక్క ఊరికి కూడా తగులుతుంది. ఒక్కరు గట్టిగా నిలబడి గెలిస్తే అది కూడా అందరిదీ అవుతుంది.

క్రో పెద్దలు 1868లో రాయించుకున్న ఆ ఒక్క వాక్యమే 151 ఏళ్ళ తర్వాత మనవడి మనవడిని కాపాడింది. అందుకే గ్రామసభలో ఏ తీర్మానం రాసినా ప్రతి మాట చూసి రాయించండి, ఒక కాపీ దగ్గర పెట్టుకోండి. కొండ ఎక్కేటప్పుడు మనిషి ఒక్కడే కనపడతాడు. కానీ వెనక తెగ నడుస్తూనే ఉంటుంది.

జోహార్.