పూల కింది మూర్లు

స్పెయిన్‌లోని అల్కోయ్ పట్టణంలో ఏటా ఏప్రిల్‌లో జరిగే ‘మూర్లూ క్రైస్తవులూ’ అనే ఉత్సవంలో చూపరుల కళ్లను ముందుగా కట్టిపడేసేది మూర్ వేషమే. మూర్ అంటే స్పెయిన్ వాడుకలో ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన ముస్లిం. 1276లో అల్ అజ్రక్ అనే ముస్లిం నాయకుడు ఆ ఊరిపైకి వచ్చినప్పుడు సెయింట్ జార్జ్ ప్రత్యక్షమై కాపాడాడన్న నమ్మకం ఈ ఉత్సవానికి మూలం కాగా, 14 మూర్ దళాలు పొద్దున పట్టుకున్న కోటను 14 క్రైస్తవ దళాలు పొద్దువాలేలోగా తుపాకిమందు పొగలో తిరిగి గెలుచుకుంటాయి. హిందువులే పీరునెత్తుకొని గుండం చుట్టూ తిరగడం చూసి పెరిగిన తెలుగువారికి ఇది మొదట మన ఊరి సంబరంలాగే తోస్తుంది గానీ, పీరుకు మొక్కేవాడు దాన్ని తన ఇంటి దేవుడిగానే తలుస్తాడు. అల్కోయ్ మూర్ మాత్రం ఎంత సింగారించుకున్నా సాయంత్రానికి ఓడక తప్పదు.

ఈ ఓటమి కథకు ‘రెకోంకిస్తా’, అంటే తిరిగి గెలవడం, అని పేరు. ముస్లిం సేనలు వచ్చిన 711 నుంచి చివరి ముస్లిం రాజ్యమైన గ్రనడా 1492లో లొంగేదాకా సాగిన పొత్తులను, పోట్లాటలను, పెళ్లిళ్లను, బేరాలను పోయిన ఇల్లు మళ్లీ దక్కిన ఒకే కథగా కుట్టిన ఈ మాట 19వ శతాబ్దంలోనే బాగా ప్రచారంలోకి వచ్చింది. అందులోని ‘తిరిగి’ అన్న చిన్న ముక్కే తరతరాలుగా అక్కడే పుట్టి పెరిగినవారిని చుట్టపుచూపుగా వచ్చినవారిని చేసింది. బాప్తిస్మం పొందిన ముస్లిం వంశీకులను సైతం, దాదాపు 3 లక్షల మందిని, 1609–1614 మధ్య దేశం నుంచి వెళ్లగొట్టారు. జాతీయ వీరుడు ఎల్ సిద్ జరగోసా ముస్లిం పాలకుల కొలువు చేసినవాడనీ, అతని బిరుదే ‘సయ్యద్’ అన్న అరబ్బీ మాట నుంచి పుట్టిందనీ ఈ కథ గుర్తుచేయదు. 844లో క్లవీహో యుద్ధంలో తెల్లగుర్రమెక్కి మూర్లను నరికాడంటున్న సెయింట్ జేమ్స్ సంగతి ఇంకా విచిత్రం, ఎందుకంటే ఆ యుద్ధమే జరగలేదని చరిత్రకారుల నిర్ణయం. సాంతియాగో కెథడ్రల్‌లోని ఆయన విగ్రహం వద్ద గుర్రం కాళ్ల కింది మూర్లు కనబడకుండా ఇప్పుడు పూలు పేర్చుతున్నారు.

పూలు కప్పలేనిది ‘మోరో’, అంటే స్పానిష్‌లో మూర్, అన్న మాట. పండుగలో ముచ్చటగొలిపే ఆ పేరే పొలాల్లో మొరాకో కూలీకి తిట్టుగా తగులుతుంది. 2000లో దక్షిణ స్పెయిన్‌లోని ఎల్ ఎహీదో పట్టణంలో ఒక హత్య తర్వాత ఆ కూలీల ఇళ్లపై, దుకాణాలపై రోజుల తరబడి దాడులు జరిగాయి. 2019లో వలసలను వ్యతిరేకించే వోక్స్ పార్టీ తన ఎన్నికల ప్రచారాన్ని కోవదోంగలో, మూర్లపై తొలి గెలుపుగా చెప్పుకునే చోట, ప్రారంభించడం యాదృచ్ఛికమనుకోవడం కష్టం.

ఇంతకీ ఆ మూర్లు తెచ్చిన పుల్ల నారింజ చెట్లు సెవిల్ వీధులనిండా ఉన్నాయి. సంస్కృత నారంగం పారశీకం, అరబ్బీల మీదుగా అక్కడ ‘నరాంహా’ అయింది, మన నారింజా ఆ ఇంటిదే. రాలిన ఆ కాయలను అక్కడివారు కోరి తినరు. పులిహోర కలిపిన చేతికి మాత్రం వాటిని తొక్కుకుంటూ పోవడానికి మనసొప్పదు.