తొట్టికి ఊపిరి పైపొరలోనే

మొక్క ఒకటి ఉంటే అద్దాల తొట్టిలో చేప బతికేస్తుందని పందొమ్మిదో శతాబ్దం నమ్మింది. లండన్ రసాయనవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850 ప్రాంతంలో గోల్డ్‌ఫిష్‌లను, వాలిస్నేరియా మొక్కను, నత్తలను ఒకే తొట్టిలో ఉంచి, వాటి మధ్య సమతూకం కుదురుతుందని చూపించాడు. 1853లో రీజెంట్స్ పార్క్ జంతుశాలలో తెరిచిన ఫిష్ హౌస్‌కు పునాది ఆ ఆలోచనే. దాన్ని మార్చినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. 1871లో తెరిచిన క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంలో ఆయన, ప్రదర్శన తొట్లకంటే పెద్ద నీటి నిల్వను చీకట్లో ఉంచి, పంపులతో ఆ నీటిని తిప్పాడు. చేపల ప్రాణభారం మొక్క మీద నుంచి కదిలే నీటి మీదికి మారింది. అక్వేరియం చరిత్రలో అసలు మలుపు ఇదే. అక్వేరియంపై పుస్తకాలు రాసిన ఫిలిప్ గాస్‌కు దక్కిన పేరు మాత్రం లాయిడ్‌కు దక్కలేదు.

నీరు కదలాలన్న ఈ పాఠం, నీరు వెచ్చగా ఉండే అండమాన్‌కు మరీ అవసరం. 25 డిగ్రీల మంచినీరు లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. 30 డిగ్రీల సముద్రపు నీటికి 6 దాటి కొంచెమే సాధ్యం. పోర్ట్‌బ్లెయిర్‌లోని (ఇప్పుడు శ్రీ విజయపురం) కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ తొట్లలో క్లౌన్‌ఫిష్‌ను పెంచి చూపింది. సముద్రంలోని పగడపు దిబ్బల మీద ఆ చేపకు కావలసిన గాలిని అలలే కలుపుతాయి. ఇంటి తొట్టిలో అల ఎక్కడిది? నీటిని శుభ్రపరిచే క్యానిస్టర్ ఫిల్టరేమో మూతపడిన డబ్బా. లోపలి బాక్టీరియా ఆక్సిజన్‌ను వాడేసుకోవడంతో, బయటికొచ్చే నీరు శుభ్రంగా ఉన్నా ఊపిరి తగ్గి ఉంటుంది. అందుకే ఆ నీటిని తొట్టిలోకి వదిలే గొట్టం (స్ప్రే బార్) రంధ్రాలను నీటిమట్టానికి కాస్త కిందుగా ఉంచి, కొద్దిగా పైకి తిప్పాలి. పైపొర అంతా ముడతలు పడి కదలాలి, నురగ మాత్రం రాకూడదు.

బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ చాలదా అంటారు. బుడగ పైకి చేరేలోపు కరిగే గాలి కొద్దిపాటిదే. అది నీటిని పైకి లాగి ఉపరితలాన్ని కదిలించడమే ముఖ్యం. అంటే ఎయిర్ స్టోన్, స్ప్రే బార్ రెండింటి పనీ ఒకటే. మొక్కల తొట్టివారి అభ్యంతరం ఇంతకన్నా బలమైనది: ఎక్కువగా కదిలిస్తే మొక్కల కోసం వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఎగిరిపోతుంది. ఇది నిజమే. అక్కడ పగలు ధారను దించి, మొక్కలు కూడా ఆక్సిజన్ వాడుకునే రాత్రివేళ పైకి తిప్పాలి. ఉప్పునీటి చేపల తొట్టికి ఆ చిక్కు లేదు. అయితే అక్కడ నీటి కదలిక వల్ల ఆవిరి పెరిగి ఉప్పు చిక్కబడుతుంది గనుక, తగ్గినంత మేర మంచినీరే పోయాలి.

ఇంకొకటి, ద్వీపాలకు ప్రధాన భూభాగపు విద్యుత్ గ్రిడ్‌తో సంబంధం లేదు, ఎక్కువ కరెంటు డీజిల్ నుంచే. కరెంటు పోయి ఫిల్టర్ గంటల తరబడి ఆగితే డబ్బాలో నిలిచిన నీరు చెడుతుంది. కరెంటు రాగానే దాన్ని తొట్టిలోకి వదలకుండా ముందు బయట పారబోసి, తర్వాతే ఫిల్టర్ నడపాలి.