కలరా ఉండ నేర్పిన పాఠం



మనం హాస్టల్ ట్రంకుపెట్టెల్లో బట్టల మధ్య వేసుకునే కలరా ఉండలకు అణుభౌతిక శాస్త్రంలో పెద్ద చరిత్రే ఉంది. అది బెర్లిన్ కథ.

హార్ట్‌మట్ కాల్‌మన్ అక్కడ కైజర్ విల్‌హెల్మ్ సంస్థలో శాస్త్రవేత్త. యూదు పుట్టుక అని 1933లో నాజీలు ఆయన ఉద్యోగం పీకేశారు. యుద్ధం ముగిసేసరికి నగరం శిథిలమైంది. ఖరీదైన స్ఫటికాలు ఎక్కడ దొరుకుతాయి? ఆయన కలరా ఉండల్లోని నాఫ్తలీన్‌నే తీసుకున్నాడు. ఫొటోమల్టిప్లయర్ గొట్టం ముందు పెడితే, రేడియేషన్ తగిలినప్పుడల్లా సన్నటి మెరుపులు! అది 1947. సేంద్రియ సింటిలేటర్ల దారి అక్కడ తెరుచుకుంది.

వేగ న్యూట్రాన్లను పట్టడానికి ఇవెందుకంటే, న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు, నేరుగా చిక్కదు. కానీ గోళీ గోళీని కొట్టినట్టు, దాదాపు తనంతే బరువున్న హైడ్రోజన్ కేంద్రకాన్ని గుద్దుతుంది. ఎగిరిపడ్డ ఆ ప్రోటానే మెరుపు పుట్టిస్తుంది. సేంద్రియ పదార్థాల్లో హైడ్రోజన్‌కు కొదవలేదు కదా. గామా కిరణాలకూ మెరుపు వస్తుంది, కాకపోతే ప్రోటాన్ మెరుపు కాస్త నెమ్మదిగా ఆరుతుంది. ఆ తేడాతో రెండింటినీ విడదీసే కౌంటర్‌ను 1959లో బ్రూక్స్ వివరించాడు. దాచిన ప్లుటోనియాన్ని పసిగట్టడానికి ఇవాళ ఈ పద్ధతి పనికొస్తోంది.

కాల్‌మన్ చేతిలో ఉన్నది చవక సరుకే. కానీ 1930లలోనే న్యూట్రాన్లతో ఫొటోలు తీసిన అనుభవం ఆయనకుంది. పుట్టుక చూసి గెంటేసినవాళ్లు ఉద్యోగం లాక్కున్నారు గానీ, ఆ చదువును లాక్కోలేకపోయారు. ల్యాబ్ సరిగా లేదని సైన్స్ గ్రూపు మానేద్దామనుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ సంగతి మనమే చెప్పాలి. ల్యాబ్ కోసం అడుగుదాం, చదువు మాత్రం ఆపొద్దు.